నాష్‌విల్‌లో ఇండీ పాప్ కచేరీ: గొంతును బట్టి గదిని ఎంచుకోవడం ఎలా?

మా అమ్మాయికి పదమూడేళ్లు వచ్చిన ఏడాది నుంచి మా ఇంటి ఖర్చుల్లో ఒక కొత్త పద్దు చేరింది. ఆమె వినేది ఘంటసాల పాటలు కావు, మేముంటున్న ఊరికి పేరు తెచ్చిన, అమెరికా పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతమూ కాదు. పడకగదిలో ఒక గిటారు, ఒక లాప్‌టాప్ పెట్టుకుని పాటలు కట్టి, పెద్ద కంపెనీల అండ లేకుండా వాటిని జనంలోకి వదిలే ఇండీ పాప్ గాయనీగాయకులంటే ఆమెకు ప్రాణం. వాళ్లలో ఎవరో ఒకరు ఏడాదికి రెండు మూడుసార్లయినా, అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మేముంటున్న ఈ నాష్‌విల్‌కు వస్తారు. కారు నడపవలసిందీ, లోపలికి తోడు వెళ్లవలసిందీ నేనే కనుక, ఈ నాలుగేళ్లలో ఊళ్లోని వేదికలు చాలావరకు చూశాను. మొదట్లో ఎవరు పాడుతున్నారన్నది చూసి టికెట్టు కొనేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ పాడుతున్నారన్నది ముందు చూస్తున్నాను.

ఈ మార్పు ఒక చేదు అనుభవం వల్ల వచ్చింది. లోపలే బారు ఉన్న ఒక హాలుకు, చాలా మెల్లగా పాడే ఒక గాయని కచేరీ వినడానికి వెళ్లాం. ఆలస్యంగా చేరినందువల్ల వెనక వైపు, బారును ఆనుకుని నిలబడవలసి వచ్చింది. వాద్యబృందాన్ని పక్కకు పంపి, ఆమె ఒక్కతే గిటారు పట్టుకుని దాదాపు గుసగుసగా పాడిన పాటలో చివరి చరణం వచ్చేసరికి, గ్లాసుల్లో ఐసు గలగలలూ, మా పక్కన నిలబడిన ఇద్దరు మిత్రులు ఇంటి అద్దెల గురించి చెప్పుకుంటున్న మాటలూ తప్ప మాకు మరేమీ వినపడలేదు. తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి, "ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంతకంటే బాగా వినపడేది నాన్నా" అంది. టికెట్లకూ పార్కింగుకూ అయిన ఖర్చు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏడాదిన్నర తరువాత అదే గాయని మళ్లీ వచ్చి వేరే హాలులో అదే పాట పాడినప్పుడు, రెండు వేల మందికి పైగా జనం చప్పుడు చేయకుండా కూర్చుని విన్నారు. పాటా అదే, గొంతూ అదే. గది ఒక్కటే మారింది.

కొలత ఏది?

వేదికలను పోల్చేటప్పుడు చాలామంది ఎంతమంది పడతారు, టికెట్టు ఎంత, వేదికకు ఎంత దగ్గరగా నిలబడవచ్చు అని చూస్తారు. అవీ చూడవలసినవే. కాని నాష్‌విల్‌లో వాటన్నిటికంటే ముందు చూడవలసింది, ఆ గదిలో జనానికి వినే అలవాటు ఉందా, మాట్లాడుకునే అలవాటు ఉందా అన్నది. ఈ ఊళ్లో ఆ రెండు అలవాట్లూ పక్కపక్కనే పెరిగాయి.

మాట్లాడుకునే అలవాటు చూడాలంటే లోయర్ బ్రాడ్‌వే మీద ఉన్న హాంకీటాంక్‌లకు వెళ్లాలి. టూట్సీస్, రాబర్ట్స్ వెస్టర్న్ వరల్డ్ వంటి ఆ బార్లలో సాధారణంగా ప్రవేశ రుసుము ఉండదు. పొద్దున మొదలుపెట్టి అర్ధరాత్రి దాటేవరకు బృందాలు వంతులవారీగా, ఒక్కో వంతు సుమారు నాలుగు గంటల చొప్పున పాడుతూనే ఉంటాయి. వాళ్ల రాబడి చాలావరకు టిప్పుల బకెట్టులో పడే నోట్ల మీదే ఆధారపడుతుంది. అక్కడ పాట వెనక వినపడుతుండగా జనం తాగుతారు, నవ్వుకుంటారు, ఆడతారు. అందులో తప్పేమీ లేదు, ఆ చోటు ఉన్నదే అందుకు.

వినే అలవాటుకు మూలస్థానం బ్లూబర్డ్ కెఫే. 1982లో ఏమీ కర్‌ల్యాండ్ ప్రారంభించిన ఈ చోటు, గ్రీన్ హిల్స్ ప్రాంతంలో వరుస దుకాణాల మధ్య, బయటి నుంచి చూస్తే ఏ ప్రత్యేకతా లేకుండా ఉంటుంది. లోపల తొంభై మంది కూర్చుంటే నిండిపోతుంది. నలుగురు పాటల రచయితలు గది నడుమ ఒకరికొకరు ఎదురుగా కూర్చుని, ఒకరి తరువాత ఒకరు తాము రాసిన పాట పాడి, అది ఎలా పుట్టిందో చెబుతారు. ఎవరైనా మాట్లాడితే సిబ్బంది వచ్చి మెల్లగా వారిస్తారు. పాట రాసినవాణ్ణి ఊరంతా గౌరవించే ఈ పద్ధతి కంట్రీ సంగీతం నుంచే వచ్చినా, దానివల్ల నిజంగా లాభపడింది ఇండీ పాప్ వంటి, మాటకు ప్రాధాన్యమిచ్చే సంగీతమేనని నా అభిప్రాయం. మామూలుగా పర్యటనల మీద వచ్చే ఇండీ బృందాలు బ్లూబర్డ్‌లో పాడవు కనుక మన పోలికలో దానికి చోటు లేదు. కాని మిగతా వేదికలను కొలిచే కొలబద్దగా దాన్ని మనసులో పెట్టుకోవాలి.

ఇండీ పాప్ ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చే సంగీతమని అనుకోవడం కూడా పొరపాటు. సాకర్ మమ్మీ అనే పేరుతో పాడే సోఫీ ఆలిసన్ నాష్‌విల్‌లోనే పెరిగారు. 2018లో వచ్చిన 'క్లీన్', 2020లో వచ్చిన 'కలర్ థియరీ' ఆల్బములతో ఆమెకు ఈ ఊరి బయట కూడా పేరు వచ్చింది. కాయిన్ బృందం సభ్యులు బెల్మాంట్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 2012లో జట్టు కట్టారు. 2004లో మొదలైన పారమోర్ బృందం పక్కనున్న ఫ్రాంక్లిన్‌ది. ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు చాలా కాపురముంటున్న ఊరు అదే. కనుక ఇక్కడి ప్రేక్షకుల్లో చాలామంది ఏదో ఒక వాద్యం వాయించేవాళ్లో, స్టూడియోలలో పనిచేసేవాళ్లో అయి ఉంటారు. నాష్‌విల్ జనం చేతులు కట్టుకుని నిలబడతారని సంగీతకారులు అనుకోవడం అందుకే. ఊగిపోయే జనం మధ్య పాటకు పాట కలుపుతూ గడపాలనుకునే పిల్లలకు ఇది కొంత నిరాశ కలిగించవచ్చు. వినడానికి వచ్చినవాళ్లకు మాత్రం ఇది వరమే.

రైమన్

నేను పైన చెప్పిన రెండో కచేరీ జరిగింది రైమన్ ఆడిటోరియంలో. ఇండీ పాప్ గాయని పేరు పక్కన రైమన్ పేరు కనిపించిందంటే, ఇతర లెక్కలు పక్కన పెట్టి టికెట్టు కొనవచ్చునని నేను ధైర్యంగా చెబుతాను. కారణం చరిత్ర మాత్రమే కాదు, కాని చరిత్రతో మొదలుపెడితే కారణం తెలుస్తుంది.

టామ్ రైమన్ అనే పడవల యజమాని, శామ్ జోన్స్ అనే మతబోధకుడి ప్రసంగం విని మనసు మార్చుకుని, ఆయనలాంటివారి మాట ఊరంతా వినడానికి వీలుగా ఈ భవనం కట్టించడానికి పూనుకున్నాడు. 1892లో ఇది యూనియన్ గాస్పెల్ టాబర్నకిల్ పేరుతో తెరుచుకుంది. మైకులు లేని కాలంలో ఒక మనిషి గొంతు చివరి వరుస దాకా చేరాలన్నదే దీని అవసరం. చెక్కతో చేసిన పొడవాటి బల్లలు వేదిక చుట్టూ వంపు తిరిగి ఉంటాయి. పైన బాల్కనీ కూడా అదే వంపులో ఉంటుంది. 1925లో డబ్ల్యూఎస్‌ఎం రేడియోలో మొదలైన కంట్రీ సంగీత కార్యక్రమమే తరువాత గ్రాండ్ ఓల్ ఆప్రీ అయింది. అది 1943 నుంచి 1974 వరకు ఇక్కడి నుంచే సాగింది. తరువాత ఆప్రీ ఊరి బయట కట్టిన కొత్త భవనానికి మారిపోవడంతో రైమన్ దాదాపు ఇరవై ఏళ్లు పాడుబడింది. 1991లో గాయని ఎమిలూ హారిస్ ఇక్కడ పాడి రికార్డు చేసినప్పుడు, భద్రత దృష్ట్యా సుమారు రెండు వందల మందిని మాత్రమే అనుమతించారు. బాల్కనీ మీద గాని, దాని కింద గాని ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ కచేరీ వల్లే ఈ హాలు ఎంత విలువైనదో ఊరికి మళ్లీ గుర్తొచ్చింది. మరమ్మతులు చేసి 1994లో తిరిగి తెరిచారు. ఇప్పుడు ఇక్కడ 2,362 మంది కూర్చోవచ్చు.

ఒక గొంతు కోసం కట్టిన హాలు కనుక, గుసగుసగా పాడే గాయనికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అందరూ కూర్చునే ఉంటారు, బారు హాలు బయట ఉంటుంది, రంగుటద్దాల కిటికీలు చూస్తే ఎవరికైనా గొంతు తగ్గించాలనిపిస్తుంది. విజయవాడ నుంచి వచ్చిన మా బావమరిది లోపల అడుగుపెట్టగానే, "ఇది చర్చిలా ఉందేమిటి బావా, చెప్పులు విప్పాలా?" అని అడిగాడు. కంట్రీ సంగీతానికి తల్లిగుడి అని దీన్ని ఇక్కడివాళ్లు అంటారని చెబితే, తన ప్రశ్నలో తప్పేమీ లేదన్నట్టు తల ఊపాడు.

అయితే రైమన్‌లో సీటు జాగ్రత్తగా ఎంచుకోవాలి. బాల్కనీని మోసే స్తంభాలు కింది అంతస్తులో ఉన్నాయి. వాటి వెనక సీటు దొరికితే, మూడు గంటలు మెడ పక్కకు వంచి చూడవలసి వస్తుంది. పైగా బాల్కనీ కప్పు కింద లోపలికి పోయేకొద్దీ శబ్దం మూతపడినట్టు ఉంటుంది. కింద మొదటి పది పన్నెండు వరుసలలో దొరికితే అంతకు మించింది లేదు. అవి దొరకనప్పుడు కింద వెనక వరుసలకంటే బాల్కనీలో మధ్యభాగపు ముందు వరుసలు మేలని నేను అంటాను. చాలాసార్లు వాటి ధర కూడా తక్కువే ఉంటుంది. బల్లలకు చేతులు ఉండవు, సీటు నంబర్లు చెక్క మీద ఉంటాయి, ఒక్కొక్కరికి దక్కే చోటు ఇరుకు. పక్కన కొంచెం భారీ మనిషి కూర్చుంటే మన నంబరు సగం ఆయన కిందికి పోతుంది. దిండు పట్టుకెళ్లమని కొందరు హాస్యానికి అంటారు కాని, రెండు గంటల తరువాత ఆ మాట హాస్యంగా అనిపించదు.

రైమన్ సరిపడని సంగీతం కూడా ఉంది. సింథసైజరు, డ్రమ్ములతో గంటన్నర సేపు గెంతించే నృత్యగీతాల బృందం వస్తే, బల్లల మధ్య నిలబడి ఊగడానికి చోటు చాలదు. ముందు వరుస లేస్తే వెనకవాళ్లందరూ లేవక తప్పదు, లేవలేని పెద్దవాళ్లకు వేదిక కనపడదు. అటువంటి బృందాన్ని నిలబడి వినే హాలులోనే చూడాలి.

నిలబడి వినే చిన్న గదులు

తొలి ఆల్బముతోనో రెండో ఆల్బముతోనో వచ్చే ఇండీ పాప్ గాయని నాష్‌విల్‌లో ఎక్కువగా పాడేది ఈ గదుల్లోనే. ఎలిస్టన్ ప్లేస్‌లోని ఎగ్జిట్ ఇన్ 1971 నుంచి ఉంది. సుమారు ఐదు వందల మంది పడతారు. యాజమాన్యం మారి 2022 చివర్లో మూతపడినా మరుసటి ఏడాది తిరిగి తెరుచుకుంది. అక్కడ పాడిన వాళ్ల పేర్లు భవనం ముందు గోడ మీద రాసి ఉంటాయి. క్యూలో నిలబడి వాటిని చదవడమే సగం కాలక్షేపం. నదికి ఆవలి ఒడ్డున, ఈస్ట్ నాష్‌విల్‌లో 2015లో తెరుచుకున్న బేస్‌మెంట్ ఈస్ట్ కూడా దాదాపు అంత పరిమాణంలోనే ఉంటుంది. 2020 మార్చి 3న వచ్చిన సుడిగాలికి ఆ భవనం చాలావరకు కూలిపోయింది; 'ఐ బిలీవ్ ఇన్ నాష్‌విల్' అన్న బొమ్మ ఉన్న గోడ మాత్రం నిలిచింది. తిరిగి కట్టి 2021లో తెరిచారు. ఎయిత్ అవెన్యూ సౌత్‌లో దాని అన్నగారి వంటి బేస్‌మెంట్ ఇంకా చిన్నది. పేరుకు తగ్గట్టే నేలమాళిగలా ఉంటుంది.

ఈ గదుల బలం దగ్గరితనం. గాయని గిటారు తీగ బిగించుకుంటూ తనలో తాను అనుకునే మాట కూడా వినపడుతుంది. మూడేళ్ల తరువాత రైమన్‌లో చూడబోయే మనిషిని ఇప్పుడే పది అడుగుల దూరంలో చూడవచ్చు. టికెట్టు కూడా రైమన్‌తో పోలిస్తే చాలా తక్కువకు దొరుకుతుంది. బలహీనత ఏమిటంటే, బారు గదిలోనే ఉంటుంది, నిలబడే వినాలి, పాట కంటే కబుర్ల కోసం వచ్చినవాళ్లు వెనక చేరతారు.

దీనికి ఒక ఉపాయం ఉంది. శబ్దాన్ని సరిచూసే ఇంజినీరు కూర్చునే బల్ల ఎక్కడుందో చూసుకుని, దానికి కొంచెం ముందు, వేదికకు మధ్యగా నిలబడాలి. ఆయన తన చెవికి బాగున్నట్టు గొంతునూ వాద్యాలనూ అమర్చుకుంటాడు కనుక, ఆయన దగ్గర నిలబడినవాళ్లకు అదే అమరిక దక్కుతుంది. స్పీకర్ల ఎదుట ముందు వరుసలో మొహాలు బాగా కనపడతాయి గాని, డ్రమ్ముల హోరులో మాటలు కొట్టుకుపోతాయి. బారు దగ్గర పరిస్థితి ముందే చెప్పాను. చెవుల్లో పెట్టుకునే మెత్తటి ఇయర్‌ప్లగ్‌లు జేబులో ఉంచుకోవాలి. అవి పిల్లల చెవులను కాపాడతాయి, పెద్దవాళ్లకు మరునాడు ఆఫీసులో హోరు లేకుండా చేస్తాయి.

తల్లిదండ్రులు ఇంకొకటి చూసుకోవాలి. ఇటువంటి గదుల్లో చాలా కచేరీలకు పద్దెనిమిదేళ్లు, కొన్నింటికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాలన్న నిబంధన ఉంటుంది. ఒకే గదిలో ఒక రాత్రికి ఒక నిబంధన, మరో రాత్రికి మరొకటి ఉండవచ్చు. టికెట్టు పేజీలో చిన్న అక్షరాలతో ఉండే ఆ గీతను చదవకుండా కొంటే, తలుపు దగ్గర పిల్ల మొహం చూడలేము. మా ఇంట్లో మొదటి మూడేళ్లు మా ఎంపికలు చాలావరకు ఈ ఒక్క గీతతోనే తేలిపోయాయి. ఇండియా నుంచి చదువుకు వచ్చిన కుర్రాళ్లు పాస్‌పోర్టు గాని, రాష్ట్రం ఇచ్చిన గుర్తింపు కార్డు గాని వెంట ఉంచుకోవాలి. విశ్వవిద్యాలయం కార్డు చెల్లుతుందని నమ్ముకోకూడదు.

మధ్యరకం, పెద్దవి

ఈ రెండింటి నడుమ మారథాన్ మ్యూజిక్ వర్క్స్, బ్రూక్లిన్ బౌల్ ఉన్నాయి. 1910లలో మారథాన్ కార్లు తయారైన ఇటుకల ఫ్యాక్టరీని మార్చి 2011లో మొదటిదాన్ని తెరిచారు. సుమారు పదిహేను వందల మంది నిలబడే పొడవాటి హాలు. జర్మన్‌టౌన్‌లో బేస్‌బాల్ మైదానం పక్కనున్న బ్రూక్లిన్ బౌల్‌లో సుమారు పన్నెండు వందల మంది పడతారు, హాలు పక్కనే బౌలింగ్ లేన్లు ఉంటాయి, కచేరీ నడుస్తుండగా జనం బంతులు దొర్లించుకోవచ్చు. గెంతించే ఇండీ పాప్‌కు ఈ రెండూ బాగా నప్పుతాయి. మెల్లటి పాటకు నేను ఎంచుకోను. పిల్లలను, సంగీతం అంతగా పట్టని మిత్రులను కలిపి తీసుకెళ్లాలంటే బ్రూక్లిన్ బౌల్ సౌకర్యం, ఎందుకంటే విసుగు పుట్టినవాళ్లు బౌలింగ్ వైపు వెళ్లిపోతారు. 2025లో నాష్‌విల్ యార్డ్స్‌లో తెరుచుకున్న పినకిల్ వీటికంటే పెద్దది, 4,500 మందికి సరిపడేది.

వేసవిలో కంబర్లాండ్ నది ఒడ్డున అసెండ్ ఆంఫీథియేటర్‌లో కచేరీలు జరుగుతాయి. 2015లో తెరుచుకున్న ఈ ఆరుబయటి వేదికలో 6,800 మంది పడతారు. ముందు కుర్చీలు, వెనక గడ్డిమైదానం, ఆపైన ఊరి దీపాలు. మా ఆవిడకు నచ్చిన వేదిక ఇదొక్కటే, ఎందుకంటే గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటే పాట బాగా లేకపోయినా సాయంత్రం బాగుంటుంది. కాని జూలైలో ఇక్కడి ఉక్కపోత మన కోస్తా ఉక్కపోతకు ఏమీ తీసిపోదు, ఉరుములతో వాన వస్తే కచేరీ ఆగుతుంది. ఇక 1996లో తెరుచుకున్న బ్రిడ్జ్‌స్టోన్ అరీనాలో పదిహేడు వేలకు పైగా జనం పడతారు. అక్కడి దాకా ఎదిగిన మనిషిని ఇండీ అనవచ్చునా అన్నది వేరే చర్చ. తెర మీద మొహం చూడటానికి అంత ఖర్చు పెట్టడం నాకైతే ఇష్టం లేదు.

రాక్ గాయకుడు జాక్ వైట్ 2009లో నాష్‌విల్‌లో తెరిచిన థర్డ్ మ్యాన్ రికార్డ్స్ సంస్థలోని బ్లూ రూమ్ అనే హాలు ఈ వరుసలో ఎక్కడా ఇమడదు. కొన్ని కచేరీలలో, పాడుతుండగానే గోడకు అవతల యంత్రం మీద పాటను నేరుగా డిస్కులోకి చెక్కుతారు. అటువంటి రాత్రికి మీకు నచ్చిన గాయని పేరు కనపడితే, పోలికలు మాని వెంటనే కొనుక్కోవాలి.

డబ్బు, రోజు, దారి

టికెట్ల ధర పోల్చేటప్పుడు ఒకప్పుడు పెద్ద తలనొప్పి ఉండేది. ముందు చూపిన ధరకు చివర్లో రకరకాల రుసుములు చేరేవి. 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం ప్రత్యక్ష కార్యక్రమాల టికెట్లకు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తాన్నే మొదటి నుంచి చూపాలి. కనుక రెండు వేదికల ధరలను ఇప్పుడు నేరుగా పోల్చుకోవచ్చు. అయితే టికెట్టు ధర సగం లెక్కే. రైమన్, బ్రిడ్జ్‌స్టోన్ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. అరీనాలో హాకీ ఆట గాని, మరో పెద్ద కచేరీ గాని ఉన్న రాత్రి డౌన్‌టౌన్‌లో పార్కింగు ధర పెరుగుతుంది, దొరకడమూ కష్టమవుతుంది. ఈస్ట్ నాష్‌విల్‌లో ఆ బాధ తక్కువ.

జూన్ నెలలో సీఎంఏ ఫెస్ట్ అనే కంట్రీ సంగీతోత్సవం జరిగే నాలుగు రోజులు, వారాంతపు రాత్రులు వీలయినంత వరకు తప్పించుకోవాలి. పెళ్లికి ముందు వేడుక చేసుకోవడానికి వచ్చే పెళ్లికూతురి బృందాలతో బ్రాడ్‌వే నిండిపోయి, ఎక్కడికి వెళ్లాలన్నా నడవడమే కష్టమవుతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు హోటల్ గదుల ధరలు కూడా చుక్కలు చూపిస్తాయి. మంగళ, బుధవారాల కచేరీలే మేలు. మరునాడు బడి ఉంటుంది కదా అని మొదట్లో నేనూ సందేహించాను. కాని వారం మధ్యలో వచ్చేది పాట కోసం వచ్చే జనమే.

టికెట్లు అయిపోయాయని చెబితే రెట్టింపు ధరకు మరొకరి దగ్గర కొనడానికి తొందరపడకూడదు. నిర్వాహకులు తమ కోసం అట్టేపెట్టుకున్న సీట్లు, వేదిక అమరిక ఖాయమయ్యాక అసలు ధరకే అమ్మకానికి వదలడం సర్వసాధారణం. కచేరీకి ముందు వారంలో, ముఖ్యంగా ఆ రోజు మధ్యాహ్నం, వేదిక సొంత పేజీ చూడాలి. మాకు రైమన్‌లో నాలుగో వరుస అలాగే దొరికింది.

వేరే ఊరు వెళ్లడం మంచిదా?

కొన్నిసార్లు అదే గాయని నాష్‌విల్‌లో మంగళవారం, అట్లాంటాలో శనివారం పాడుతుంది. అట్లాంటా సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల దారి; లూయివిల్ దాదాపు 175 మైళ్లు. రెండూ నాష్‌విల్ కంటే గంట ముందుండే ఈస్టర్న్ టైములో ఉంటాయి కనుక వెళ్లేటప్పుడు ఒక గంట కోల్పోతాము, తిరిగి వచ్చేటప్పుడు దక్కుతుంది. ఆ గంట మరిచిపోయి బయలుదేరితే మొదటి అరగంట పాటలు దారిలోనే పోతాయి. అట్లాంటాలో చుట్టాలున్నవాళ్లకు, శనివారమే వీలయ్యేవాళ్లకు అది నడుస్తుంది. కాని నాష్‌విల్ తేదీ రైమన్‌లో ఉంటే, సెలవు పెట్టి అయినా ఇక్కడే వినమంటాను.

టెనెసీలోనే ఉన్న మాంచెస్టర్‌లో 2002 నుంచి జరుగుతున్న బొనారూ సంగీతోత్సవం ఇక్కడి నుంచి గంట ప్రయాణం. నాలుగు రోజుల్లో పదుల కొద్దీ బృందాలను చూడవచ్చు కనుక లెక్క ప్రకారం చవకగానే కనిపిస్తుంది. కాని అది పొలంలో గుడారాల బతుకు. ఇండీ పాప్ గాయనికి మధ్యాహ్నపు ఎండలో ముప్పావు గంట వేదిక దొరుకుతుంది. 2025లో మొదటి రోజు కాగానే వానలతో మైదానం చిత్తడై మిగతా ఉత్సవం రద్దయింది. చాలామంది కొత్త గాయకులను రుచి చూడటానికి అది మంచి చోటు, ప్రేమించిన ఒక్క గొంతును వినడానికి కాదు.

ఎవరికి ఏది

గాయని మాటలకు, మెల్లటి గొంతుకు ప్రాధాన్యమిచ్చేవాళ్లు, పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లేవాళ్లు, ఊరికి కొత్తగా వచ్చి ఒకే రాత్రి ఉన్న చుట్టాలను తీసుకెళ్లేవాళ్లు రైమన్‌ను ఎంచుకోవాలి. చుట్టాలు కంట్రీ సంగీతపు ఊరు చూడాలంటారు, పిల్లలు తమ గాయనిని వినాలంటారు. రెండు కోరికలూ ఒకే టికెట్టుతో తీరే చోటు అదొక్కటే. కచేరీ అయ్యాక వెనక సందులోంచి నాలుగడుగులు వేస్తే టూట్సీస్ వస్తుంది. పాత రోజుల్లో ఆప్రీ గాయకులు విరామంలో ఆ సందులోంచే అక్కడికి వెళ్లేవారు. పెద్దవాళ్లు ఆ హోరును గుమ్మం బయటి నుంచి ఐదు నిమిషాలు చూసి సంతోషపడతారు.

ఇంకా పేరు రాని గాయనిని మొదటిసారి చూసేవాళ్లు, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు, రెండు గంటలు నిలబడగలవాళ్లు ఎగ్జిట్ ఇన్, బేస్‌మెంట్ ఈస్ట్‌లకు తలుపులు తెరిచే వేళకే చేరుకోవాలి. ప్రారంభ బృందాన్ని కూడా వినాలి. ఈ ఊళ్లో ఆ బృందం తరచు ఇక్కడిదే అయి ఉంటుంది, కొన్నిసార్లు అసలు బృందం కంటే అదే గుర్తుండిపోతుంది. గెంతడమే కావాలంటే మారథాన్; కుటుంబమంతా కదలాలంటే వసంతంలోనో సెప్టెంబరు చివర్లోనో అసెండ్ గడ్డి.

రైమన్‌కు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. 1879 నుంచి చెక్క, లోహపు అచ్చులతో పోస్టర్లు ముద్రిస్తున్న హ్యాచ్ షో ప్రింట్, అక్కడి కచేరీలకు ఆ రాత్రి కోసం వేరుగా పోస్టరు చేయడం రివాజు. తక్కువ సంఖ్యలో వేస్తారు కనుక, అది కావాలంటే పాట మొదలు కాకముందే కొనుక్కోవాలి. మా అమ్మాయి గది గోడకు ఇప్పుడు మూడు ఉన్నాయి. కొన్న తరువాత ఆ పొడవాటి చుట్టను చేతులు లేని ఆ ఇరుకు బల్ల మీద రెండు గంటల సేపు ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.